బాగ్-ఏ-ఆమ్ మ్యూజియం రూపశిల్పి డాక్టర్ గులాం యాజ్దానీ

(మార్చి 22న డాక్టర్ గులాం యాజ్దానీ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్ నగరంలో నాంపల్లి రైల్వే స్టేషన్‌కు చేరువలో ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌కు బాగ్-ఏ-ఆమ్ అని పాత పేరు. ఆమ్ అనగా సర్వజనులకు చెందినది. నిజాం ప్రభువుల కాలంలో ఏర్పడిన ఈ చారిత్రక ఉద్యానవనంలోని వృద్ధ వృక్షాల నడుమ ఒకవైపు టౌన్ హాలుగా 1913లో పూర్తయి, అనంతర కాలంలో శాసనసభకు నెలవైన శ్వేత సౌధం, మరొకవైపు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవాల జ్ఞాపకంగా వెలసిన జూబిలీ హాలు నిలిచి ఉన్నాయి. నగర జంతుప్రదర్శనశాల కూడ ఒకనాడు ఈ తోటలోనే ఉండేది. 1963లో బహదూర్‌పురాలో నెహ్రూ జంతుప్రదర్శనశాల ప్రారంభమైన నాటికి జంతువులు అక్కడికి తరలిపోయాయి. ఈ ఆవరణలోనే ఇండో-సారసెనిక్ శైలిలో నిర్మితమైన పురావస్తు మ్యూజియం ఉన్నది. భవనం చుట్టూ చెట్ల కింద గ్రామ గ్రామాల నుంచి చేర్చిన రాతి శిల్పాలు బారులు తీరి కనిపిస్తాయి. ఉదయపు నడకకు వచ్చే నగరవాసులకు, సమావేశాల నిమిత్తం వచ్చే ప్రజాప్రతినిధులకు, అధికారులకు ఈ శిల్పాలు సుపరిచితమే. వాటిని ఇక్కడికి చేర్చే వ్యవస్థకు పునాది వేసిన వ్యక్తి పేరు మాత్రం అంతగా పరిచితం కాదు. ఆయనే హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ ప్రథమ అధిపతి, పద్మభూషణ్ గ్రహీత డాక్టర్ గులాం యాజ్దానీ.

యాజ్దానీ 1885 మార్చి 22న ఢిల్లీలో జన్మించారు. విద్యాభ్యాసం అక్కడే సాగింది. అరబ్బీ, పారశీక భాషలలో ప్రావీణ్యం సంపాదించి ప్రభుత్వ కళాశాలలలో అధ్యాపకునిగా పనిచేశారు. పురావస్తు తవ్వకాలలో శిక్షణ పొందిన వారు కారు. శాసనాల లిపిని చదవగల భాషా పండితునిగానే ఆయన ఈ రంగంలో అడుగుపెట్టారు. భారత పురావస్తు శాఖకు అప్పట్లో సర్ జాన్ మార్షల్ డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు. హైదరాబాద్ సంస్థానంలో ప్రత్యేకంగా పురావస్తు శాఖ ఉండాలన్న ప్రతిపాదనను నిజాం ప్రభుత్వంలో ఉన్నత పదవులలో ఉన్న సర్ అక్బర్ హైదరీ గట్టిగా బలపరిచారు. 1914లో శాఖ ఏర్పాటైంది. దాని బాధ్యతలు 29 సంవత్సరాల యాజ్దానీకి అప్పగించారు. మరుసటి సంవత్సరం నుంచి భారత ప్రభుత్వ అరబ్బీ, పారశీక శాసన పరిశోధకునిగా కూడ వ్యవహరించి, ఎపిగ్రాఫియా ఇండో-మోస్లెమికా అనే శాసన సంపుటాలకు సంపాదకత్వం వహించారు. ఈ రెండు బాధ్యతలను దశాబ్దాల పాటు ఏకకాలంలో నిర్వహించడం చిన్న విషయం కాదు.

నాటి హైదరాబాద్ రాజ్యం విస్తీర్ణం సుమారు 2 లక్షల 14 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ, మరాఠ్వాడా, హైదరాబాద్ కర్ణాటక అనే మూడు భాషా ప్రాంతాలు అందులో ఉండేవి. అజంతా, ఎల్లోరా గుహలు, బీదర్ కోట, గుల్బర్గా కట్టడాలు, వరంగల్ కాకతీయ శిథిలాలు, ఓరుగల్లుకు ఆవల అడవిలో దాగిన పాలంపేట రామప్ప ఆలయం, గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు అన్నీ ఒకే శాఖ పరిధిలోకి వచ్చాయి. బౌద్ధ, జైన, హైందవ, ఇస్లామీయ కట్టడాలు ఇంత సమృద్ధిగా ఒకే పాలన కింద ఉన్న సంస్థానం మరొకటి అరుదు. కొద్దిపాటి సిబ్బందితో మొదలైన శాఖ వీటిలో దేనిని ముందు చేపట్టాలో, దేనిని వాయిదా వేయాలో నిర్ణయించవలసిన భారం యాజ్దానీపై పడింది.

శాఖ వయస్సు ఇంకా ఏడాది నిండకముందే ఒక అపూర్వ సంఘటన జరిగింది. 1915లో రాయచూరు జిల్లా మస్కి వద్ద బంగారు గనుల అన్వేషణలో ఉన్న ఇంజనీరు బీడన్ ఒక బండపై చెక్కిన అక్షరాలను గుర్తించారు. అది మౌర్య చక్రవర్తి అశోకుని శాసనమని తేలింది. అంతవరకు దొరికిన ధర్మశాసనాలలో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అనే బిరుదులే తప్ప రాజు అసలు పేరు కనిపించలేదు. మస్కి శాసనంలో అశోకుని పేరు స్పష్టంగా ఉండటంతో పండితుల సుదీర్ఘ చర్చకు తెరపడింది. హెచ్. కృష్ణశాస్త్రి పరిష్కరించిన ఈ శాసనంతోనే హైదరాబాద్ పురావస్తు గ్రంథమాల ప్రారంభమైంది. పారశీక పండితుడు నడిపిన శాఖ తొలి ప్రచురణ బ్రాహ్మీ లిపిలోని ప్రాకృత శాసనం కావడం గమనార్హం. ఏ లిపి అయితే ఆ లిపిలో నిష్ణాతులైన వారికే పని అప్పగించే పద్ధతిని యాజ్దానీ చివరివరకు పాటించారు. కొప్పళ వద్ద 1931లో వెలుగు చూసిన గవిమఠ, పాల్కిగుండు అశోక శాసనాలను కూడ ఆచార్య టర్నర్ వంటి భాషాశాస్త్రవేత్తతో పరిష్కరింపజేశారు.

తెలంగాణ జిల్లాలలో ఆయన మొదట దృష్టి సారించిన వాటిలో రాయగిరి వంటి చోట్ల ఉన్న బృహత్ శిలా సమాధులు, పాలంపేట ఆలయాలు ముఖ్యమైనవి. క్రీ.శ. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు ప్రతిష్ఠించిన రామప్ప ఆలయం గురించి యాజ్దానీ రచించిన గ్రంథాన్ని భారత పురావస్తు శాఖ 1922లో తన మెమోయిర్ల వరుసలో ప్రచురించింది. ఆలయం ప్లాను, శిల్పాలు, మదనికల భంగిమలను ఛాయాచిత్రాలతో ప్రపంచ పండితుల ముందుకు తెచ్చిన తొలి సమగ్ర గ్రంథం ఇదే అనవచ్చు. ఆ ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. గుర్తింపు వెనుక ఎందరో శ్రమ ఉన్నప్పటికీ దానికి వందేళ్ల క్రితం పడిన తొలి అడుగు ఇది.

యాజ్దానీకి అంతర్జాతీయ కీర్తి తెచ్చినది అజంతా. 1819లో వెలుగులోకి వచ్చినప్పటి నుంచి అజంతా చిత్రాలకు ప్రతికృతులు తయారుచేసే ప్రయత్నాలు విధివశాత్తు విఫలమవుతూ వచ్చాయి. రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి గీసిన ప్రతులలో అత్యధిక భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో దగ్ధమయ్యాయి. జాన్ గ్రిఫిత్స్ బృందం గీసిన ప్రతులలో చాలా భాగం 1885లో మరో అగ్నిప్రమాదానికి గురయ్యాయి. ఈలోగా గుహలలో అసలు చిత్రాలు పొరలు పొరలుగా రాలిపోతున్నాయి. గబ్బిలాలు, తేమ, పొగ, సందర్శకుల చేతివ్రాతలు వాటిని పాడుచేశాయి. నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి కుడ్యచిత్ర సంరక్షణ నిపుణులు లోరెంజో చెకోని, ఓర్సినీలను పిలిపించి 1920, 1922 సంవత్సరాల మధ్య మరమ్మతులు చేయించింది. రాలిపోతున్న రంగుల పొరలను గోడకు తిరిగి అతికించి నిలబెట్టడం ఆనాటికి పెద్ద విజయం. అయితే అప్పుడు వాడిన లక్క పూత కాలక్రమేణా పసుపురంగుకు తిరిగి చిత్రాలను మసకబార్చింది. తరువాతి దశాబ్దాలలో భారత పురావస్తు శాఖ రసాయన నిపుణులు ఎంతో ఓర్పుతో దానిని తొలగించవలసి వచ్చింది. చిత్రాలు గోడపై నిలిచి ఉన్నందువలననే ఆ శుభ్రత సాధ్యమైందన్నది కూడ మరువరాదు.

చిత్రాలను గోడపై కాపాడటంతో యాజ్దానీ తృప్తి చెందలేదు. ప్రతులు మళ్లీ అగ్నికి ఆహుతి కాకుండా ఉండాలంటే అవి గ్రంథరూపంలో దేశదేశాలకు చేరాలి. రంగుల ఛాయాచిత్రాల ఆధారంగా, ప్రతి చిత్రం వెనుక ఉన్న జాతక కథా సందర్భంతో సహా అజంతా పేరిట నాలుగు సంపుటాలను ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా వెలువరించారు. మొదటిది 1930లో, రెండవది 1933లో, మూడవది 1946లో, నాలుగవది 1955లో వచ్చాయి. అంటే పని ఆరంభించినది నిజాం పాలనలో అయితే ముగించినది స్వతంత్ర భారతంలో. ఉద్యోగ విరమణ, ప్రపంచ యుద్ధం, రాజ్యం విలీనం ఏవీ ఈ పనిని ఆపలేకపోయాయి.

కట్టడాల సంరక్షణకు సదుద్దేశం ఒక్కటే చాలదని యాజ్దానీ కాలంలోనే పాలకులు గుర్తించారు. ఫస్లీ 1337లో, అనగా 1927-28 ప్రాంతంలో, హైదరాబాద్ ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది. పురాతన కట్టడాలను రక్షిత కట్టడాలుగా ప్రకటించడానికి శాఖకు చట్టబద్ధమైన ఆధారం లభించింది. ఈ విషయం పుస్తకాలలో ఒక పంక్తికి మించి చోటు చేసుకోదు. కాని మట్టి దిబ్బలను, గుడులను, సమాధులను రాళ్ల కోసం తవ్వుకుపోయే అలవాటుకు అడ్డుకట్ట వేయగల సాధనం అదొక్కటే.

ఇక మ్యూజియం సంగతి. శాఖ ఏర్పడిన నాటి నుంచి తవ్వకాలలో, సర్వేలలో లభించిన శిల్పాలు, శాసనాలు, నాణేలు, ఆయుధాలు, చిత్రాలు పోగవుతూ వచ్చాయి. వాటిని రాజప్రాసాదంలోని ఖజానాలో గాని, పండితులకు మాత్రమే ప్రవేశం గల గ్రంథాలయంలో గాని ఉంచడానికి ఆ రోజులలో ఎవరూ అభ్యంతరం చెప్పి ఉండరు. అందుకు భిన్నంగా సామాన్య జనం సాయంకాలం షికారుకు వచ్చే బాగ్-ఏ-ఆమ్‌లోని భవనాన్ని ఎంపిక చేయడంలోనే యాజ్దానీ దృక్పథం కనిపిస్తుంది. పురావస్తు శాఖ సిఫారసును ఏడవ నిజాం ఆమోదించగా 1930లో ఆ భవనంలో హైదరాబాద్ మ్యూజియం ఏర్పాటైంది. బిద్రీ పనితనం గల పాత్రలు, ఆయుధాలు, చేతివ్రాత ప్రతులు, పింగాణీ, కంచు విగ్రహాలు, అజంతా చిత్రాల ప్రతికృతులు వరుసగా చేరాయి. పటాన్‌చెరు పరిసరాలలో లభించిన జైన శిల్పాలు కూడ ఇక్కడ చోటు చేసుకున్నాయి. పొట్టలకెరె అనే పేరుతో కల్యాణి చాళుక్యుల కాలంలో పటాన్‌చెరు ఎంతటి వైభవం అనుభవించినదో ఆ విగ్రహాలే సాక్ష్యం. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొనుగోలు చేసి తెచ్చిన ఈజిప్టు మమ్మీ సైతం ఈ మ్యూజియానికే దక్కింది. పాఠశాల విద్యార్థులు నేటికీ ముందుగా పరుగెత్తేది మమ్మీ గదికే. ఆ గదికి వెళ్లే తొందరలో వారు దాటిపోయే అద్దాల బీరువాలలో కొండాపూర్ నుంచి వచ్చిన చిన్న చిన్న వస్తువులు ఉన్నాయి. వాటి కథ మమ్మీ కథ కంటే ఈ నేలకు ఎంతో దగ్గరిది.

కొండాపూర్ అనగానే నేటి పాత్రికేయులకు హైదరాబాద్ పశ్చిమ శివారులోని ఐటీ కారిడార్ స్ఫురించడం సహజం. ఇక్కడ ప్రస్తావిస్తున్నది అది కాదు. సంగారెడ్డి పట్టణానికి చేరువలో, రాజధానికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్రామం. అప్పటి మెదక్ జిల్లాలోనిది, 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ అనంతరం సంగారెడ్డి జిల్లాలోనిది. గ్రామానికి సమీపంలోని విశాలమైన మట్టిదిబ్బను స్థానికులు కోటగడ్డ అని పిలుస్తారు. అంతకు ముందే హెన్రీ కౌసెన్స్ దీనిని గుర్తించినా, తవ్వకాలు చేపట్టినది యాజ్దానీ శాఖే. 1940 నుంచి 1942 వరకు జరిగిన తవ్వకాలలో ఇటుక గోడల ఇళ్లు, బౌద్ధ స్తూపం, చైత్యం అవశేషాలు బయటపడ్డాయి. శాతవాహన రాజుల సీసపు, రాగి, పోటిన్ నాణేలు పెద్ద సంఖ్యలో లభించాయి. వాటితోపాటు నాణేల తయారీకి వాడిన మట్టి అచ్చులు దొరకడంతో ఇక్కడ టంకశాల నడిచిందని భావించారు. ఇనుప పనిముట్లు, శంఖపు గాజులు, విలువైన రాళ్ల పూసలు, తెల్లని కేయొలిన్ మట్టితో అచ్చుపోసిన బొమ్మలు లెక్కకు మిక్కిలిగా దొరికాయి. బొమ్మల కేశాలంకరణలో, నగలలో చూపిన నైపుణ్యం చూస్తే రెండు వేల ఏళ్ల నాటి కుమ్మరి పనితనం అబ్బురపరుస్తుంది. రోమన్ సంబంధాలను చాటే వస్తువులు కూడ లభించి, సముద్ర తీరానికి ఇంత దూరంలో ఉన్న ఊరు దూరదేశ వాణిజ్యంలో భాగస్వామి అని రుజువు చేశాయి.

యాజ్దానీ 1941లో పుణె భండార్కర్ ప్రాచ్య పరిశోధనా సంస్థ పత్రికలో ఈ తవ్వకాల వివరాలను ప్రకటించారు. క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. 200 వరకు వర్ధిల్లిన ఆంధ్ర నగరంగా కొండాపూర్‌ను ఆయన పేర్కొన్నారు. ఆంధ్రులకు ప్రాకారాలు గల 30 నగరాలు ఉన్నట్లు రోమన్ రచయిత ప్లినీ వ్రాసిన మాట చరిత్ర విద్యార్థులందరికీ తెలిసినదే. కొండాపూర్ అందులో ఒకటి కావచ్చునన్న ఊహ అప్పటి నుంచి ప్రచారంలో ఉన్నది. శాతవాహనుల చరిత్ర అనగానే పైఠాన్, అమరావతి, నాగార్జునకొండలే చెప్పుకునే రోజులలో తెలంగాణ నడిబొడ్డున ఒక సంపూర్ణ నగరం వెలుగు చూడటం చరిత్ర దిశనే మార్చింది. ఈ ప్రాంతం మధ్యయుగాల వరకు అడవి అన్న అభిప్రాయానికి ఇక ఆధారం లేకపోయింది.

ఈ తవ్వకాలలో లోపాలు లేకపోలేదు. సర్ మార్టిమర్ వీలర్ 1944లో భారత పురావస్తు శాఖ పగ్గాలు చేపట్టి, మట్టి పొరలను ఒక్కొక్కటిగా నమోదు చేస్తూ తవ్వే పద్ధతిని దేశమంతటా అమలుచేశారు. కొండాపూర్ పని అంతకు ముందే ముగిసింది. ఏ వస్తువు ఏ పొరలో దొరికిందన్న వివరం తరువాతి ప్రమాణాలకు తగినట్లు లేకపోవడంతో కాలనిర్ణయంలో సందేహాలు మిగిలాయి. పూసలపై ఎం.జి. దీక్షిత్ గ్రంథం 1952లో హైదరాబాద్ పురావస్తు గ్రంథమాలలో వెలువడింది. 2009, 2011 మధ్య భారత పురావస్తు శాఖ కోటగడ్డపై మరల తవ్వకాలు జరిపింది. రోమన్ బంగారు నాణెంతో సహా అనేక కొత్త ఆధారాలు లభించాయి. అరవై ఏళ్ల తరువాత కూడ తవ్వడానికి దిబ్బ మిగిలి ఉండటం సామాన్య విషయం కాదు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆపై వందలాది పరిశ్రమలు ఈ మార్గంలో వెలిశాయి. భూముల ధరలు ఆకాశాన్నంటిన ఈ పారిశ్రామిక వాడకు ఇంత చేరువలో, రక్షిత స్థలంగా, పక్కనే స్థల మ్యూజియంతో కోటగడ్డ నిలిచి ఉన్నది. చుట్టుపక్కల గ్రామాలలో రక్షణ ప్రకటన వెలువడని దిబ్బలు, వీరగల్లులు, శిథిల బసదులకు ఆ భద్రత లేదు. రహదారి విస్తరణకో, లేఅవుట్లకో ఒక్క రోజు పనితో అవి చదును కాగలవు. జిల్లా యంత్రాంగం, పురావస్తు శాఖ కలిసి ముందుగా గుర్తించిన వాటికే రక్షణ దక్కుతుంది.

యాజ్దానీ 1943లో పదవీ విరమణ చేశారు. విశ్రాంతి మాత్రం తీసుకోలేదు. హైదరాబాద్ నుంచి పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాద్ మీదుగా సాగే పాత మార్గంలోనే బీదర్ ఉన్నది. బహమనీ, బరీద్ షాహీ సుల్తానుల రాజధాని అయిన ఆ పట్టణంలో కోటలోని రంగీన్ మహల్, తఖ్త్ మహల్, సోలా ఖంబా మసీదు, పట్టణంలో 1472 నాటి మహమూద్ గవాన్ మదరసా మొదలైన వాటిపై ఆయన పర్యవేక్షణలో శాఖ ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ అనుభవమంతా రంగరించి బీదర్ చరిత్ర, కట్టడాలపై రచించిన బృహద్గ్రంథం 1947లో వెలువడింది. అంతకు ముందు 1929లో మాళవ ప్రాంతంలోని మాండూ నగరంపై ఒక గ్రంథం ప్రచురించారు.

1956 నవంబరు 1న జరిగిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో ఆయన మూడు దశాబ్దాలు సాకిన క్షేత్రం మూడు ముక్కలైంది. అజంతా, ఎల్లోరా, పైఠాన్ బొంబాయి రాష్ట్రానికి, బీదర్, గుల్బర్గా, మస్కి, కొప్పళ మైసూరుకు, తెలంగాణ జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలు అంతకు ముందే కేంద్ర ప్రభుత్వ రక్షణలోకి వచ్చి ఉన్నాయి. దస్త్రాలు, సిబ్బంది, నిధులు విభజించుకోవచ్చు గాని ఒక తవ్వకం ఫలితాన్ని మరొక తవ్వకంతో పోల్చి చూసే అవకాశాన్ని విభజించడం కష్టం. ఆ అవకాశం బాగ్-ఏ-ఆమ్‌లోని మ్యూజియంలో చాలావరకు చెక్కుచెదరకుండా నిలిచింది. అజంతా ప్రతికృతులు, బీదర్ బిద్రీ పనితనం, కొండాపూర్ నాణేలు, కాకతీయ శిల్పాలు ఒకే కప్పు కింద చూడగల చోటు అదే. రాజ్యం లేకపోయినా దాని పురావస్తు పటం ఆ గదులలో ఉన్నది.

విడిపోయిన ప్రాంతాల చరిత్రను గ్రంథంలోనైనా ఒకచోట చేర్చే కార్యాన్ని యాజ్దానీ వృద్ధాప్యంలో చేపట్టారు. ఆయన సంపాదకత్వంలో దక్కన్ తొలి చరిత్ర అనే గ్రంథం రెండు సంపుటాలుగా 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆధ్వర్యంలో వెలువడింది. మిరాశీ, అల్తేకర్, నేలటూరి వెంకటరమణయ్య వంటి ఉద్దండులు అందులో అధ్యాయాలు వ్రాశారు. శిల్పకళ, చిత్రకళల భాగాన్ని యాజ్దానీ స్వయంగా వ్రాశారు. మరాఠీ, కన్నడ, తెలుగు ప్రాంతాల పండితులు కలిసి ఒకే కథ చెప్పిన ఈ గ్రంథాన్ని దక్కన్ చరిత్రపై పనిచేసేవారు ఇప్పటికీ సంప్రదిస్తూనే ఉన్నారు. బ్రిటిష్ ప్రభుత్వం 1936లో ఓ.బి.ఇ. బిరుదుతో సత్కరించిన యాజ్దానీని భారత ప్రభుత్వం 1959లో పద్మభూషణ్‌తో గౌరవించింది.

1962 నవంబరు 13న డాక్టర్ గులాం యాజ్దానీ కన్నుమూశారు. ప్రసిద్ధ చరిత్రకారులు హరూన్ ఖాన్ షేర్వాణీ సంపాదకత్వంలో ఆయన స్మారక సంపుటం 1966లో వెలువడింది. దానిని ప్రచురించిన అబుల్ కలాం ఆజాద్ ప్రాచ్య పరిశోధనా సంస్థ కార్యాలయం పబ్లిక్ గార్డెన్స్‌లోనే, ఆయన నెలకొల్పిన మ్యూజియం ఉన్న ఆవరణలోనే ఉన్నది.